సముద్రం అడుగు చూడాలంటే ఏ సముద్రానికి పోవాలి?

(ద్వితీయ బి.యస్సీ. విద్యార్థి, స్వగ్రామం దిండి)

మాది దిండి. ఊరికి పడమట వశిష్ఠ గోదావరి, అవతలి గట్టున చించినాడ, దిగువకు పోతే అంతర్వేది దగ్గర సముద్రం. పంటకాలువ, బోదె, రొయ్యల చెరువు, కొబ్బరితోటలో నీటిగుంట, ఎటు అడుగు వేసినా నీళ్ళే. కోనసీమ కుర్రవాడికి ఈత ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. నడకలాగే అదీ వచ్చేస్తుంది. ఇంత నీళ్ళలో పెరిగిన మా ఊళ్ళో, ఆ నీళ్ళ అడుగున ఏముందో కళ్ళతో చూసినవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు. వరద గోదావరిలో మునిగి కళ్ళు తెరిస్తే కనిపించేది టీ రంగు. చెయ్యి చాపితే తన వేళ్ళు తనకే కనపడవు.

ఇప్పుడు పరీక్షలు అయిపోగానే స్కూబా డైవింగుకు పోదామనే మాట మన కళాశాలలో తరచు వినపడుతున్నది. నీలపు నీళ్ళు, పసుపు చారల చేపలు, వాటి మధ్య మునిగి తేలే మనిషి, ఈ బొమ్మలు సెల్‌ఫోనులో చూడని విద్యార్థి లేడు. వెళ్ళాలనుకున్నవాళ్ళు మొదట అడిగే ప్రశ్న "ఎక్కడ చవక?" అని. రెండోది "ఫోటోలు ఎక్కడ బాగా వస్తాయి?" అని. నన్నడిగితే ఈ రెండూ చివర్న అడగవలసినవి. మొట్టమొదట అడగవలసింది "అక్కడికి దగ్గర్లో ఏ నది సముద్రంలో కలుస్తుంది? మనం వెళ్ళే నెలలో ఆ నది ఎలా వుంటుంది?" అని. ఎందుకో చెప్పే ముందు, ఆ పరికరం సంగతి కొంచెం తెలియాలి.

"స్కూబా" అనేది అయిదు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాల కూర్పు. పైనుంచి ఎవరి ఆధారమూ లేకుండా నీటి అడుగున ఊపిరి పీల్చుకునే పరికరం అని అర్థం. అంతకు ముందు మునిగేవాడికి ఎక్కువగా పడవ మీదనుంచి గొట్టం ద్వారా గాలి కొడుతూ వుండేవారు. 1943లో ఫ్రాన్సులో కూస్టో అనే నౌకాదళ అధికారి, గన్యాన్ అనే ఇంజనీరు కలిసి ఇప్పటి పరికరానికి రూపం ఇచ్చారు. దాని గొప్పతనమంతా ఒక చిన్న కవాటంలో వుంది. మనిషి పీల్చినప్పుడు మాత్రమే అది తెరుచుకుంటుంది; ఆ లోతులో చుట్టూ వున్న నీటి పీడనం ఎంతో సరిగ్గా అంతే పీడనంతో గాలి ఇస్తుంది. వీపున కట్టుకునే ఆ సీసాను "ఆక్సిజన్ సిలిండరు" అనడం పత్రికల్లో అలవాటైపోయింది. అది సరికాదు. అందులో వుండేది మనం పీల్చే మామూలు గాలే, సుమారు 200 రెట్ల పీడనంతో కుక్కి నింపినది. వట్టి ఆక్సిజన్ ఐతే ఆరు మీటర్లు దాటిన లోతులో విషంలా పనిచేసి మూర్ఛ తెప్పిస్తుంది.

ఇక బాయిల్ సూత్రం. 1662లో చెప్పినది, ఇంటర్మీడియట్‌లో మనం బట్టీ పట్టి పరీక్షలో వ్రాసి మర్చిపోయినది. ఆర్ట్స్ మిత్రుల కోసం ఒక్క మాటలో: పీడనం రెట్టింపైతే గాలి సగానికి కుంచించుకుపోతుంది. సముద్రపు నీటిలో ప్రతి పది మీటర్లకు ఒక అట్మాస్ఫియర్ పీడనం పెరుగుతుంది. పైన ఒకటి, పది మీటర్ల దగ్గర రెండు, ఇరవై దగ్గర మూడు, ముప్ఫై దగ్గర నాలుగు. ఇందులో గమనించవలసిన విశేషం ఒకటుంది. పైనుంచి పది మీటర్లకు దిగితే పీడనం రెట్టింపౌతుంది. ఇరవై నుంచి ముప్ఫైకి దిగితే మూడు కాస్తా నాలుగౌతుంది, అంతే. అంటే ఎక్కువ మార్పు జరిగేది పై పది మీటర్లలోనే. "తక్కువ లోతే గదా, భయమేముంది" అనుకునేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

మా ప్రాంతం కుర్రవాళ్ళకు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇక్కడే వుంది. కాలువలో మునక వేసేటప్పుడు మనం గుండెల నిండా గాలి పీల్చి బిగబట్టి మునుగుతాం. ఎంతసేపు బిగబడితే అంత మొనగాడు. స్కూబాలో ఈ అలవాటే ప్రాణం తీస్తుంది. కాలువలో మునిగినవాడు పైన పీల్చిన గాలితో దిగుతాడు. దిగితే అది కుంచించుకుంటుంది, తిరిగి వస్తే మామూలౌతుంది, ప్రమాదం లేదు. స్కూబావాడు అలాకాదు, కిందే ఎక్కువ పీడనంలో గాలి పీలుస్తాడు. పది మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల నిండా ఆరు లీటర్ల గాలి పీల్చి బిగబట్టి పైకి వచ్చాడనుకోండి, పైకి వచ్చేసరికి అది పన్నెండు లీటర్లు కావాలి. ఛాతీలో అంత చోటెక్కడిది? పొరలు చిరుగుతాయి, గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడుకు పోవచ్చు. నిండు ఊపిరితో వున్నప్పుడు నిలువులోతుకన్నా తక్కువలో, ఒకటిన్నర మీటరు పైకి లేచినా ఇది జరగవచ్చు. అందుకే అక్కడ మొదటి పాఠం: ఊపిరి ఎప్పుడూ బిగబట్టకు, పీలుస్తూ వదులుతూ వుండు. ఈత బాగా వచ్చినవాడికి ఈ పాఠం ఈత రానివాడికన్నా కష్టంగా ఎక్కుతుందని నా అనుమానం. చిన్ననాటినుంచి ఒంటికి పట్టిన అలవాటు కంగారులో ముందుగా బయటపడుతుంది గదా.

చెవుల సంగతీ ఇంతే. కర్ణభేరి వెనక గాలి గది వుంది. దిగేకొద్దీ అది కుంచించుకుని భేరిని లోపలికి లాగుతుంది. ముక్కు మూసి మెల్లగా ఊదితే గొంతు వైపునుంచి గాలి వెళ్ళి సర్దుకుంటుంది. మీటరు మీటరుకూ ఇలా చేసుకుంటూ దిగాలి. జలుబు వున్నవాడికి ఆ దారి మూసుకుపోయి వుంటుంది, వాడు ఆ రోజు దిగనే కూడదు. మా పెదనాన్నగారి అబ్బాయి ఒక తీరంలో భాద్రపదమాసంలో ముసురు పట్టిన రోజున, జలుబుతోనే డబ్బు కట్టి దిగాడు. చెవిలో సూదులు గుచ్చినట్టయి అయిదారు మీటర్లలోనే తిరిగివచ్చాడు. "ఏం చూశావన్నయ్యా?" అంటే, "ఏముందిరా, మన గోదారే, కాకపోతే ఉప్పగా వుంది" అన్నాడు. వారం రోజులు ఆ చెవి సరిగా వినపడలేదు. తేట నీళ్ళుండే నెల ఏదో అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ నెలలో రావద్దని డబ్బు తీసుకున్నవాళ్ళూ చెప్పలేదు.

ఇప్పుడు నది ప్రశ్నకు వద్దాం. మా బాబాయికి రొయ్యల చెరువు వుంది. ఆయన నలుపు తెలుపు రంగులు వేసిన పళ్ళెంలాంటి పలకను తాడుకు కట్టి చెరువులోకి దింపుతారు. ఎంత లోతులో అది కంటికి కనపడకుండా పోతుందో తాడు మీద చూసుకుంటారు. ముప్ఫై నలభై సెంటీమీటర్ల దగ్గర మాయమైతే చెరువు బాగుందని లెక్క. నీళ్ళు మరీ తేటగా వున్నాయంటే నీటిలో నాచుజీవులు లేవని, రొయ్య పిల్లలకు మేత తక్కువని ఆయన దిగులుపడతారు. ఈ పలకను మొదట వాడినది సెకీ అనే ఇటలీ మతాచార్యుడు, ఖగోళ శాస్త్రజ్ఞుడు. 1865లో మధ్యధరా సముద్రంలో ఓడ మీదనుంచి తెల్లటి పలకను దింపి నీటి తేటదనం కొలిచాడు. అదే పలక ఇప్పుడు కోనసీమలో చెరువు గట్ల మీద వుందంటే శాస్త్రం ఎంత దూరం నడిచి వస్తుందో చూడండి. ఐతే రైతుకు కావలసింది అర మీటరు లోపు చూపు. డైవరుకు కావలసింది పది, ఇరవై మీటర్ల చూపు. ఇద్దరి కోరికలూ పూర్తిగా వ్యతిరేకం.

నీళ్ళు ఇలా మసకబారడానికి రెండు కారణాలు. ఒకటి నది తెచ్చే ఒండ్రు. రెండోది ఆ ఒండ్రుతో, ఎరువుల పోషకాలతో పెరిగే నాచుజీవులు. అసలు కోనసీమ అనేదే ఆ ఒండ్రు. గోదావరి వేల ఏళ్ళుగా మోసుకువచ్చి సముద్రంలో పోసిన మట్టి మీద మన వరి, మన కొబ్బరి నిలబడి వున్నాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను మా పెద్దవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. అటువంటి వరదలోని మట్టి అంతా పోయేది సముద్రంలోకే. మనకు అన్నం పెట్టేదీ, డైవరు కంటికి అడ్డం పడేదీ ఒకటే పదార్థం.

చూపు లేని నీరు ఎంత కఠినమైనదో మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్ళే దారిలో కచ్చులూరు దగ్గర "రాయల్ వశిష్ఠ" లాంచీ మునిగింది. అది వరద కాలం. పైన సుడి, లోపల కటిక చీకటి. శిక్షణ పొందిన డైవర్లు వచ్చినా పని సాగలేదు. చివరకు కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లతో, ఇనుప తాళ్ళతో వారాల తరబడి కష్టపడి, విశాఖనుంచి వచ్చిన డైవర్ల సాయంతో అక్టోబరు 22న లాంచీని బయటకు తీసింది. అది బ్రతుకుతెరువు కోసం, బాధ్యత కోసం చేసిన పని. సరదాకు వెళ్ళే కొత్తవాడు అటువంటి నీటి దరిదాపులకు పోకూడదు. తన చేతి గడియారం తనకు కనపడక, తోడు వచ్చిన గురువు కనపడక, పైకి ఎటో కిందికి ఎటో తెలియక కంగారుపడ్డవాడు మొదట చేసే పని ఏమిటి? ఊపిరి బిగబట్టి పైకి ఎగబాకడం. బాయిల్ సూత్రం అక్కడ పట్టుకుంటుంది. చూపు అనేది అందం కోసం మాత్రమే అనుకోకండి, కొత్తవాడికి అది ప్రాణరక్షణ కూడా.

పగడపు దిబ్బలు కూడా ఈ లెక్క ప్రకారమే వుంటాయి. పగడం జీవి ఒంటిలో సన్నటి నాచు కాపురం వుంటుంది. అది వెలుతురుతో ఆహారం తయారుచేసి పగడానికి పెడుతుంది. మట్టి కప్పితే వెలుతురు లేదు, మంచినీళ్ళు కలిస్తే ఉప్పు చాలదు. అందుకే పెద్ద నదుల మొగల దగ్గర పగడపు దిబ్బలు పెరగవు. ఈ దిబ్బలు ఎలా ఏర్పడతాయో వివరిస్తూ డార్విన్ 1842లోనే ఒక పుస్తకం వ్రాశాడు. మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు నాలుగు చోట్ల: కచ్ సింధుశాఖ, మన్నారు సింధుశాఖ, లక్షద్వీపాలు, అండమాన్ నికోబారు దీవులు. గోదావరి, కృష్ణ, మహానది మొగలున్న మన తీరం ఈ జాబితాలో లేదు. ప్రపంచంలో డైవింగుకు పేరుపడ్డ ఎర్ర సముద్రం చూడండి. పేరు ఎర్రనిది, నీళ్ళు అద్దం లాంటివి. కారణం చిన్నది. చుట్టూ ఎడారి, ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ అందులో కలవదు.

సముద్రపు నీలం గురించి కూడా ఒక మాట. 1921లో సి.వి. రామన్ ఇంగ్లండునుంచి ఓడలో తిరిగివస్తూ మధ్యధరా సముద్రపు నీలిరంగు చూసి ఆలోచనలో పడ్డారు. అది ఆకాశపు ప్రతిబింబం మాత్రమే కాదని, నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని ఆయన చెప్పారు. చిన్నతనంలో ఆయన చదువుకున్నది విశాఖపట్నంలోనే. నీరు ఎరుపు రంగును ముందు మింగేస్తుంది, అయిదారు మీటర్లు దిగేసరికి ఎర్ర చేప బూడిదరంగులో కనపడుతుంది. కాబట్టి రంగులు చూడదలచినవాడు లోతుకు పోయి లాభం లేదు. అన్నట్టు, అద్దంలోంచి నీళ్ళలోకి చూస్తే వస్తువు మూడోవంతు పెద్దదిగా కనపడుతుంది. డైవింగుకు వెళ్ళివచ్చినవాడు చెప్పే చేప పొడవులో నాలుగోవంతు తగ్గించి నమ్మాలి.

ఇప్పుడు నెల. మనవాళ్ళకు గుర్తుండేలా చెప్పాలంటే, పులస తినే నెలల్లో డైవింగుకు పోవద్దు. ఎర్రనీరు దిగి పులస గోదావరికి ఎదురెక్కే రోజులు, అనగా ఆషాఢంనుంచి భాద్రపదం దాకా, నైరుతి ఋతుపవనాలు నడిచే కాలం. మన తీరంలో బురద, అండమాన్‌లో గాలీ వానా, పడమటి తీరంలో ఐతే పడవలే దించరు. పులస కాలం అయిపోగానే బయల్దేరవచ్చా అంటే, అప్పుడూ తొందరపడవద్దు. అక్టోబరునుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుఫానుల కాలం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీదుగా పోయిన తుఫాను సంగతి మన ఇళ్ళలో అందరికీ తెలుసు. పైగా ఆ మూడు నెలలూ మన తీరం వెంబడి ప్రవాహం ఉత్తరంనుంచి దక్షిణానికి, గంగా బ్రహ్మపుత్రల మంచినీటిని మోసుకుంటూ వస్తుంది. ఫిబ్రవరికి అది తిరగబడి ఉత్తరానికి నడుస్తుంది, గోదావరి కూడా అప్పటికి చిక్కిపోతుంది. కనుక తూర్పు వైపు వెళ్ళేవారికి జనవరినుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. మన వేసవి సెలవుల్లో మొదటి భాగం మాత్రమే ఇందులోకి వస్తుంది, అది గుర్తుంచుకోవాలి.

"వెచ్చని నీళ్ళు" అని అందరూ ఎందుకంటారు? నీరు శరీరపు వేడిని గాలికన్నా సుమారు ఇరవై అయిదు రెట్లు వేగంగా లాగేస్తుంది. 28 డిగ్రీల గాలిలో చెమట పడుతుంది, 28 డిగ్రీల నీటిలో గంట సేపుంటే ఒణుకు మొదలౌతుంది. చల్లని సముద్రాల్లో ఐతే మందపాటి రబ్బరు దుస్తులు, తలకు టోపీ, చేతులకు తొడుగులు కావాలి. ఆ దుస్తులు తేలుతాయి కాబట్టి మునగడానికి నడుముకు సీసం దిమ్మలు ఎక్కువ కట్టాలి. చలికి ఊపిరి వేగం పెరిగి గాలి త్వరగా అయిపోతుంది. కొత్తవాడికి ఇన్ని బరువులు అనవసరం. మన చుట్టుపక్కల ఉష్ణ సముద్రాల్లో పల్చటి తొడుగు చాలు. ఈ విషయంలో మనం అదృష్టవంతులం. కాని వెచ్చదనానికీ హద్దుంది. మామూలుకన్నా ఒకటి రెండు డిగ్రీలు పెరిగి కొన్ని వారాలు నిలిస్తే పగడం తన నాచును బయటకు నెట్టి తెల్లగా పాలిపోతుంది. 1998, 2010, 2016లలో, మళ్ళీ 2024లో ఉష్ణ సముద్రాల్లో ఇలా జరిగింది. 2010లో అండమాన్ దిబ్బలు బాగా దెబ్బతిన్నాయి. పాత ఫోటోలు చూసి వెళ్ళేవారు దీన్ని కూడా లెక్కలో పెట్టుకోవాలి.

లోతు విషయంలో చిన్న లెక్క చూద్దాం. పన్నెండు లీటర్ల సీసాలో 200 అట్మాస్ఫియర్ల గాలి అంటే పైన 2400 లీటర్లు. నిమిషానికి ఇరవై లీటర్లు పీల్చేవాడికి పైన 120 నిమిషాలు వస్తుంది. పది మీటర్లలో 60 నిమిషాలు. ఇరవై మీటర్లలో 40. కొంత గాలి మిగుల్చుకుని పైకి రావాలి గనుక అసలు దొరికేది ఇంకా తక్కువ. కొత్తవాడు భయంతో గబగబా పీలుస్తాడు, వాడికి మరీ తక్కువ. కాబట్టి ఒడ్డునుంచి మెల్లగా లోతయ్యే చోటు, అయిదునుంచి పది మీటర్లలోనే చూడదగినవి వున్న చోటు, ఆటుపోట్ల లాగుడు తక్కువ వున్న చోటు కొత్తవాడికి కావాలి.

ఈ కొలతలతో చూస్తే దగ్గర్లో వున్నది విశాఖపట్నం. ఋషికొండ వైపు డైవింగు నేర్పేవారున్నారు. మన ఊళ్ళనుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరతాం, తెలుగులో చెప్పేవాళ్ళుంటారు. ఇది చిన్న సంగతి కాదు. నీటి అడుగున మాట వుండదు, సైగలే. ఆ సైగలను, జాగ్రత్తలను ముందుగా మన భాషలో విని అర్థం చేసుకున్నవాడికి ధైర్యం వేరు. (బొటనవేలు పైకెత్తితే అక్కడ "బాగుంది" అని అర్థం కాదు, "పైకి పోదాం" అని. బాగుందనడానికి బొటనవేలు, చూపుడువేలు సున్నాలా కలపాలి. ఫోటో కోసం బొటనవేలు ఎత్తినవాడిని గురువు పైకి లాక్కుపోతే తప్పు గురువుది కాదు.) విశాఖలో పగడపు తోటలు ఆశించకూడదు. రాళ్ళు, రాళ్ళ చాటున చేపలు, అదృష్టం బాగుంటే కొన్ని మీటర్ల చూపు. ఈ పని మన ఒంటికి, మనసుకు పడుతుందా లేదా అని ఒక్కసారి దిగి తెలుసుకోవడానికి నా ఉద్దేశంలో ఇది సరిపోతుంది. నాలుగు రోజుల శిక్షణ మొత్తం తీసుకునేవాడు మాత్రం నీళ్ళు తేటగా వున్న చోటికి పోవడం మేలు.

అటువంటివాటిలో నేను ముందు పెట్టేది అండమాన్. 2018లో స్వరాజ్ ద్వీపం అని పేరు మార్చిన హేవ్‌లాక్ దీవి కొత్తవాళ్ళకు బాగా అనువైనది. అక్కడ పెద్ద నది లేదు. అడవి, పగడపు ఇసుక. మంచి రోజుల్లో పదిహేను ఇరవై మీటర్ల చూపు మామూలు. ఒడ్డునుంచే నడిచి దిగే చోట్లున్నాయి. చెన్నైనుంచి పోర్ట్‌బ్లేర్‌కు (2024లో దీనికి శ్రీవిజయపురం అని పేరు పెట్టారు) విమానంలో రెండు గంటల పైచిలుకు, అక్కడినుంచి ఫెర్రీ. తెలుగువాడు అక్కడ పరాయివాడు కాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళాల తర్వాత తెలుగే. నూటికి పదముగ్గురు మనవాళ్ళు. ఖర్చు మాత్రం ఎక్కువ. శిక్షణ, ప్రయాణం, బస కలిపితే పదుల వేలల్లో వుంటుంది. మా ఇంట్లో ఐతే అది ఒక సార్వా పంట పెట్టుబడితో పోల్చి చూడవలసిన మొత్తం. నాన్నగారితో ఈ మాట ఎత్తితే, "చేపల్ని చూడ్డానికి అంత దూరం పోవాలేంట్రా, పొద్దున్నే రేవుకెళ్తే వలలోనే కనపడతాయిగా" అన్నారు. ఆయన మాటకు నా దగ్గర సమాధానం లేదు, కోరిక మాత్రం వుంది.

లక్షద్వీపాల్లో నీళ్ళు ఇంకా తేట. కద్మత్, బంగారం దీవుల చుట్టూ పగడపు గోడ వుండి లోపల నిశ్చలమైన మడుగులా వుంటుంది. ఐతే మన దేశస్థులమైనా అనుమతిపత్రం కావాలి, ప్రయాణం కొచ్చిననుంచి. ముందుగా చాలా ఏర్పాట్లు చేసుకోగలవారికే అది. కర్ణాటకలో మురుడేశ్వరం ఒడ్డునుంచి సుమారు ఇరవై కిలోమీటర్లలో నేత్రాణి దీవి వుంది. చేపలు బాగుంటాయంటారు. కాని ఒడ్డునుంచి మెల్లగా దిగే వీలు లేదు, నడిసముద్రంలో పడవమీదనుంచి దిగాలి. పడవ ఊగితే వాంతులయ్యేవాడికి దిగకముందే సగం శక్తి పోతుంది. మాల్దీవులు, థాయిలాండు గురించి విస్తరించి వ్రాయను, మనలో ఎక్కువమందికి అవి ఉద్యోగాలు వచ్చాక సంగతి. మాల్దీవుల్లో నది లేదు, నీళ్ళు స్వచ్ఛం, కాని దీవుల మధ్య కాలువల్లో ప్రవాహం గట్టిది. కొత్తవాడు లోపలి మడుగులే అడగాలి.

చోటు నిర్ణయించుకున్నాక నేర్పేవాళ్ళ సంగతి. ప్రపంచంలో పేరున్న శిక్షణ సంస్థల్లో ఒకటి 1966లో అమెరికాలో పుట్టిన "ప్యాడీ". పేరు వినగానే మనకు వడ్లు గుర్తొస్తాయి, దానికీ దీనికీ సంబంధం లేదు. దాని మొదటి మెట్టు శిక్షణ పొందినవాడు పద్దెనిమిది మీటర్ల వరకు దిగవచ్చు. ఊరికే ఒకసారి రుచి చూడదలచినవాడిని గురువు పక్కనే వుండి పన్నెండు మీటర్లకు మించకుండా తీసుకుపోతారు. డబ్బు కట్టే ముందు కొన్ని సంగతులు అడిగి తెలుసుకోండి. ఒక గురువుకు ఎంతమంది శిష్యులు? సముద్రంలోకి తీసుకుపోయే ముందు నిలువులోతు నీళ్ళలో అభ్యాసం చేయిస్తారా? ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, చెవి చిల్లు వంటివి వున్నాయా అని కాగితం మీద వ్రాయించుకుంటారా? ఈ చివరిది అడగనివాళ్ళ దగ్గర దిగవద్దు. నీళ్ళు బాగా లేని రోజున డైవింగు ఆపి డబ్బు తిరిగి ఇస్తారా అని కూడా అడగండి. దానికి వచ్చే సమాధానంలో ఆ మనిషి ఎటువంటివాడో తెలిసిపోతుంది.

ఇంకొక్క సూత్రం మిగిలింది, హెన్రీ సూత్రం, 1803. పీడనం పెరిగితే ద్రవంలో వాయువు ఎక్కువగా కరుగుతుంది. గోలీసోడాలో గోలీ బిగించి వున్నంతసేపూ లోపల బుడగ కనపడదు. గోలీ నొక్కగానే బుసబుస పొంగుతుంది. లోతులో వున్నంతసేపు గాలిలోని నత్రజని మన రక్తంలో, కండరాల్లో అలాగే కరుగుతుంది. మెల్లగా పైకి వస్తే ఊపిరితో బయటకు పోతుంది. గబుక్కున వస్తే బుడగలై కీళ్ళలో, వెన్నులో ఇరుక్కుంటుంది. అందుకే నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించకుండా లేవాలని, అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలని నేర్పుతారు. పైకి వచ్చాక కూడా ఒంట్లో కొంత నత్రజని మిగిలే వుంటుంది. అప్పుడే విమానమెక్కితే, లోపలి పీడనం కొండ మీద వున్నంత తక్కువ కాబట్టి, మళ్ళీ గోలీ నొక్కినట్టే. ఒక్కసారి దిగినవాడు కనీసం పన్నెండు గంటలు, రోజుల తరబడి దిగినవాడు కనీసం పద్దెనిమిది గంటలు ఆగి విమానమెక్కాలి. అండమాన్ వెళ్ళేవారు ఆఖరి రోజును ఒడ్డున తిరగడానికి ఉంచుకుని తిరుగు టిక్కెట్టు తీసుకోవాలి.

విశాఖ వెళ్ళే మిత్రులకు విమానం బెడద లేదు, కాని అరకు వుంది. పొద్దున ఋషికొండలో డైవింగు, మధ్యాహ్నం కారెక్కి అరకు అని ఒకే రోజులో పెట్టుకునేవాళ్ళున్నారు. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, దారిలో ఘాటు అంతకన్నా ఎత్తుకు పోతుంది. కాబట్టి రెండూ చూడాలనుకుంటే అరకు ముందు చూసి దిగిరండి, మర్నాడు సముద్రం.